భీమవరంలో రుమేనియా ఉద్యోగాల కన్సల్టెన్సీ: ఒక సమీక్ష
మా తమ్ముడి కోసం సంప్రదించిన ఈ సంస్థవారు, 2007లో ఐరోపా సమాఖ్యలో చేరాక రుమేనియన్లు ఇటలీ, స్పెయిన్, జర్మనీలకు పెద్ద ఎత్తున తరలిపోయినందువల్ల రుమేనియాలో నిర్మాణ పనులకూ హోటళ్లకూ మనుషులు చాలడం లేదని చెప్పిన మాట వాస్తవమే. అయితే రుమేనియా చేరాక ఇటలీ వెళ్లి పని చేసుకోవచ్చునని నమ్మబలకడం మాత్రం అన్యాయం. ఆ స్వేచ్ఛ రుమేనియా పౌరులది; ఒక యజమాని పేరు మీద పర్మిట్ పొందిన మన కుర్రవాడికి, 2025 జనవరిలో షెంగెన్ (సరిహద్దు తనిఖీలు లేకుండా ఐరోపా దేశాల మధ్య రాకపోకలు సాగించే ఏర్పాటు) కింద రుమేనియా భూసరిహద్దు తనిఖీలు తొలగినప్పటికీ, అది వర్తించదు. ఒప్పంద పత్రం రుమేనియన్ భాషలోనే ఇచ్చి, జీతం గడి ఖాళీగా ఉంచి సంతకం పెట్టమన్నారు. గల్ఫ్ ఏజెంట్లను చూసిన మన కోనసీమ వారికి ఈ తంతు కొత్త కాదు. దరఖాస్తు నింపిన అమ్మాయి ఓపిక మెచ్చదగినదే. విదేశాంగ శాఖ ఇచ్చే లైసెన్సు చూపమంటే మాట దాటవేశారు కనుక మేము అడ్వాన్సు కట్టలేదు.