హొకుసాయ్ అలా, హిరోషిగే వానా: ఎవరి ప్రభావం లోతైనది?

జపాను చెక్క అచ్చు చిత్రాల మీద ఆసక్తి ఉన్న మిత్రులు నాతో మాట్లాడినప్పుడల్లా మాట చివరికి ఒకే ప్రశ్న దగ్గరికి వస్తుంది: ఆ చిత్రాలు గీసిన ఇద్దరు పందొమ్మిదో శతాబ్దపు మహా చిత్రకారులు హొకుసాయ్, హిరోషిగేలలో ఎవరి ప్రభావం ఎక్కువగా నిలిచింది? ఈ మధ్య నా రాతబల్ల ఎదుటి గోడకు ఒక్క చిత్రాన్నే ఎంచుకోవలసి వచ్చినప్పుడు ఈ ప్రశ్న నాకు సొంత ప్రశ్న అయింది. కొన్ని వారాల పాటు ఇద్దరి ప్రతులనూ మార్చి మార్చి పెట్టి చూసి, చివరికి హిరోషిగే వానను ఉంచుకున్నాను. అలాగని హొకుసాయ్ వైపున్న బలం తక్కువదేమీ కాదు.

కీర్తిని కొలతగా తీసుకుంటే ఇక్కడ పోటీయే లేదు. డెబ్బై ఏళ్లు దాటిన వయసులో, 1831 ప్రాంతంలో హొకుసాయ్ గీసిన 'కనగావా పెద్ద అల' జపాను పేరు వినగానే కళ్ల ముందు మెదిలే బొమ్మ అయింది. 1905లో దెబుస్సీ సంగీత రచన 'సముద్రం' అచ్చయినప్పుడు దాని ముఖపత్రం మీదికి ఆ అలే వచ్చింది. 2024లో జపాను విడుదల చేసిన వెయ్యి యెన్ల నోటు వెనుక వైపునా అదే ఉంది. 2023లో న్యూయార్క్ వేలంలో ఒక పాత ప్రతి 27 లక్షల డాలర్లు దాటి పలికింది. గోడంత చిత్రమని ఊహించుకున్నవారు అసలు ప్రతి ఏ3 కాగితం కంటే కొంచెం చిన్నదని తెలిసి ఆశ్చర్యపోతారు. గోళ్లు చాచినట్టు వంగిన నురగ, దాని కింద చిక్కుకున్న మూడు పడవలు, వెనుక అల కంటే చిన్నదిగా కనిపించే ఫుజి పర్వతం అంత కొద్ది చోటులో ఎలా ఇమిడాయన్నది నేను ఎన్నిసార్లు చూసినా తరగని విషయం.

అయితే హొకుసాయ్ పక్షాన నిజంగా గట్టి వాదన ఈ అల కాదు, 'మాంగా' పేరుతో 1814 నుంచి వెలువడిన ఆయన బొమ్మల పుస్తకాలు. పదిహేనో సంపుటం ఆయన మరణించిన చాలాకాలానికి, 1878లో వచ్చింది. మల్లయోధులు, పక్షులు, చేపలు, పనిలో మునిగిన మామూలు మనుషులు వేల సంఖ్యలో నిండిన ఆ పుటలు ఐరోపా చిత్రకారులకు ఒక పాఠశాలలా ఉపయోగపడ్డాయి. 1866లో ఫ్రాన్సులో ఫెలిక్స్ బ్రాక్మోన్ భోజన పాత్రల మీద వేసిన బొమ్మలలో కొన్నిటికి మూలం ఆ పుస్తకాలే. ఈ ఒక్క విషయం దగ్గర నా అభిప్రాయం చాలాసార్లు ఊగిసలాడింది.

అయినా నా తీర్పును నిర్ణయించిన అంశం వేరు. ఒకరి బొమ్మను ఎంతమంది మళ్లీ వాడుకున్నారన్నదాని కంటే, ఆయన చూసే తీరు ఎంతమందికి సొంత పనిముట్టుగా మారిందన్నదే ప్రభావానికి అసలు కొలత అని నేను నమ్ముతాను. పెద్ద అలను ఎవరు ఎక్కడ వాడుకున్నా అది హొకుసాయ్ అలగానే ఉండిపోతుంది. హిరోషిగే నుంచి తీసుకున్నది మాత్రం తీసుకున్నవారి చిత్రంలో కరిగిపోతుంది.

1857 నాటి 'ఒహాషి వంతెనపై ఆకస్మిక వాన'ను దగ్గరగా చూడండి. వంతెన మీద జనం గొడుగుల కింద ముడుచుకుని పరుగు తీస్తుంటారు, కింద నదిలో ఒకడు దుంగల తెప్పను ఒంటరిగా నడుపుతుంటాడు, వాటన్నిటి మీదా పైనుంచి కిందికి వాన గీతలు. ఈ గీతలు గీసినవి కావు, చెక్కినవి. పెడన అద్దకంలో రంగుకొక అచ్చు ఉన్నట్టే ఇక్కడా రంగుకొక దిమ్మె ఉంటుంది. వెంట్రుకంత గీత కాగితం మీద పడాలంటే చెర్రీ చెక్కలో ఆ గీత మేరకు మాత్రమే ఉంచి, రెండు పక్కలా చెక్కను తీసేయాలి. అటువంటి గీతలు పదుల సంఖ్యలో, కొంచెం తేడా ఉన్న రెండు వాలులలో, ఒక్కటీ విరగకుండా నిలబడాలి. పైన కమ్ముకున్న నల్లమబ్బు మరింత కష్టమైనది: దానికి చెక్కిన హద్దంటూ ఉండదు, అద్దేవాడు తడి చెక్క మీద రంగును తన చేతి అంచనాతోనే పలచబరుస్తూ పోవాలి. అందుకే ఏ రెండు ప్రతులలోనూ ఆ మబ్బు ఒకేలా ఉండదు.

1887లో పారిస్‌లో ఉన్న వాన్ గోగ్ ఈ వాననూ, అదే వరుసలోని 'కామెయిదో ప్లమ్ తోట'నూ నూనె రంగుల్లో తిరిగి గీశాడు. చుట్టూ ఉన్న అంచులో జపాను అక్షరాలను అలంకారంగా నింపాడు, నది నీటిలో తన కుంచె చారలను దాచలేదు. నకలుగా మొదలైన ఆ పని అతని చేతికి శిక్షణ అయింది. ప్లమ్ తోట చిత్రంలో ఒక చెట్టు కాండం కంటికి ఆనుకున్నంత దగ్గరగా, అంచుల్లో తెగిపోయి ఉంటుంది, తోటలోని మనుషులు దాని వెనుక చీమల్లా కనిపిస్తారు. ఇలా దగ్గరి వస్తువును కోసి, దూరాన్ని దాని సందుల్లోంచి చూపించడం ఆ రెండు చిత్రాలూ ఉన్న 'ఎడో నూరు ప్రసిద్ధ దృశ్యాల' (ఎడో అంటే నేటి టోక్యో) వరుస పొడవునా ఉన్న పద్ధతి. విస్లర్ లండన్‌లో గీసిన బాటర్సీ వంతెన రాత్రి చిత్రంలో ఒకే ఒక వంతెన స్తంభం మసక నీలంలో పైకి లేచి నిలిచిందంటే, దాని వెనుక హిరోషిగే వంతెనలు ఉన్నాయి. వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1906లోనే షికాగోలో హిరోషిగే ప్రదర్శన ఏర్పాటు చేసేంతగా ఆయన చిత్రాలను సేకరించాడు. ఈరోజు ఫోన్‌తో ఫొటో తీసే మనిషి ముందు ఒక కొమ్మను ఉంచి వెనుక కొండను పట్టేటప్పుడు ఆయన పేరు తలుచుకోడు, కానీ ఆ చూపుకు ఆయనతో చుట్టరికం ఉంది.

సొంత దేశంలోనూ ఆయన దారి ఆగలేదు. ఇరవయ్యో శతాబ్దంలో ప్రచురణకర్త వతనబె షోజబురో చెక్క అచ్చుకు మళ్లీ ప్రాణం పోసినప్పుడు, కవాసే హసుయి వేసిన వానలు, మంచు కురిసే గుడి వాకిళ్లు, సాయంకాలపు నీలాలు నేరుగా ఆ మబ్బు అద్దకం నుంచి వచ్చినవే.

జపాను అచ్చు చిత్రకారులే అయిన ఉతమారో, కునియోషిల సంగతేమిటని అడిగేవారూ ఉన్నారు. అమెరికా చిత్రకారిణి మేరీ కసాట్ అచ్చు చిత్రాల మీద ఉతమారో ముద్ర, పచ్చబొట్ల కళ మీద కునియోషి వీరుల ముద్ర గట్టివే, అయితే ఆ రెండూ తమ తమ పరిధిలోనే నిలిచిపోయాయి.

హొకుసాయ్ ఫుజి వరుస ('పెద్ద అల' అందులోదే) దృశ్యచిత్రాలకు గిరాకీ తేకపోతే, ఆయన కంటే ముప్పై ఏడేళ్లు చిన్నవాడైన హిరోషిగేకు ఎడో నుంచి క్యోటోకు వెళ్లే టొకైడో బాట యాభై మూడు మజిలీలను గీసే అవకాశం 1833 ప్రాంతంలో అంత తేలికగా వచ్చేది కాదేమో. ఆ రుణం ఆయన చిత్రాల్లోనే కనిపిస్తుంది. మరణించిన సంవత్సరం, 1858లో, హొకుసాయ్ వరుసకు ఉన్న పేరుకు దాదాపు సరిపోయే పేరుతో తానూ ముప్పై ఆరు ఫుజి దృశ్యాలు సిద్ధం చేశాడు. అందులోని 'సత్తా సముద్రం'లో ఒక పెద్ద అల లేస్తుంది. ఆ అల కింద ఎవరూ చిక్కుకుని ఉండరు. నురగ పక్కన చిన్న పిట్టలు ఎగురుతుంటాయి, దూరాన మంచు కప్పిన ఫుజి కదలకుండా నిలిచి ఉంటుంది.