పిల్లలతో కట్టిన పురుగుల ఇల్లు: మాకు వెదురు గొట్టాల అర ఒక్కటే చాలు

పాత చెక్కపెట్టెలో అరలు చేసి, పురుగులు వచ్చి ఉండేలా ఒక్కో అరలో ఒక్కో సరుకు నింపి పురుగుల ఇల్లు కట్టడం అందరికీ తెలిసిందే. దాన్ని పిల్లలే కట్టేస్తారనీ అంటుంటారు. ఆ వివరాల్లోకి వెళ్లను. మాది ఎండా వానా చూసిన ఇల్లు, ఇప్పటికీ తోట గోడకు నిలిచి ఉంది. పైన్ కాయల అరను, గడ్డి అరను పిల్లలు ఎప్పుడో మరచిపోయారు. వెదురు గొట్టాల అరను మాత్రం బడి నుంచి రాగానే ఒకసారి చూడందే లోపలికి రారు.

కట్టిన కొత్తలో చాలాకాలం గొట్టాల్లోకి ఏదీ రాలేదు. నాలుగేళ్ల మా చిన్నవాడు ఇక అటు వెళ్లడమే మానేశాడు. ఒక ఉదయం ఏడేళ్ల మా అమ్మాయి గులాబీ మొక్క దగ్గర నుంచి నన్ను పిలిచి, ఆకుల అంచులు ఎవరో కత్తిరించారని చూపించింది. గొంగళిపురుగు తిన్నట్టు చిందరవందరగా లేవు. అంచు నుంచి లోపలికి నున్నటి వంపులో ముక్క తీసినట్టు ఉన్నాయి. అక్కడే నిలబడి చూశాం. మామూలు తేనెటీగ కంటే కాస్త బొద్దుగా ఉన్న ఒక ఈగ వచ్చి ఆకు అంచున కూర్చుంది. కొద్ది సెకన్లలోనే ముక్క కోసేసి, దాన్ని కాళ్లతో పొట్ట కింద పట్టుకుని నేరుగా మా గొట్టాల వైపు ఎగిరింది. అప్పుడే బయటికి వచ్చిన చిన్నవాడు "అమ్మా, ఆకు ఎగురుతోంది!" అని కేక పెట్టాడు. వాడికి ఈగ కనబడలేదు, ఆకు ఒక్కటే కనబడింది.

అది ఆకులు కత్తిరించే తేనెటీగ. పట్టులో గుంపుగా బతకదు. తల్లి ఒక్కతే అన్ని పనులూ చేసుకుంటుంది. కోలగా కోసిన ముక్కలతో గొట్టం లోపల గిన్నెలా ఒక గది అల్లి, అందులో పుప్పొడి, మకరందం కలిపిన ముద్ద పెట్టి, దాని మీద ఒక్క గుడ్డు పెడుతుంది. గుండ్రటి ముక్కలతో ఆ గది మూసి, దాని ముందు ఇంకొకటి మొదలుపెడుతుంది. పుప్పొడిని కాళ్ల మీద కాకుండా పొట్ట అడుగున ఉండే వెంట్రుకల్లో మోసుకొస్తుంది. పసుపు పొట్టతో వస్తే భోజనం తెచ్చిందనీ, ఆకుపచ్చగా వస్తే గోడ కడుతోందనీ మా అమ్మాయి తమ్ముడికి నేర్పింది. గొట్టం నోరు ఆకుల బిరడాతో మూతపడిన నాటి సాయంత్రం ఇద్దరూ దాని ముందు నుంచి కదల్లేదు. పిల్లల కోసం నేను కొన్న ఏ ఆటవస్తువూ వాళ్లను అంతసేపు నిలబెట్టలేదు.

ఈ అర పనిచేయడానికి వెదురు కోసిన తీరు ముఖ్యం. కణుపు వెనక్కి ఉండేలా కోస్తే గొట్టం వెనుక వైపు దానంతటదే మూసుకుని ఉంటుంది. రెండు వైపులా తెరిచి ఉన్నవాటిని ఇవి సాధారణంగా ఇష్టపడవు. లోతు 15 సెంటీమీటర్ల దాకా ఉంటే మంచిది. ఆడపిల్లలయ్యే గుడ్లను తల్లి లోపలి వైపు, మగవాటిని నోటి దగ్గర పెడుతుంది కాబట్టి పొట్టి గొట్టంలో ఆడవాటికి చోటు తగ్గుతుంది. నోరు 2 నుంచి 10 మిల్లీమీటర్ల వరకు రకరకాలుగా ఉండనివ్వండి. అంచుల్లో పేళ్లు రెక్కలను చీలుస్తాయి కాబట్టి గరుకు కాగితంతో రుద్దాలి. ఈ రుద్దే పని పిల్లలు ఎంత ఇష్టంగా చేశారో! రంపం, డ్రిల్ మాత్రం పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి. అందుకే "పిల్లలే కట్టేస్తారు" అనే మాటను నేను సగమే ఒప్పుకుంటాను.

లోపల జరిగేది పిల్లలకు కనబడుతుందని చెప్పి అమ్మిన పారదర్శక ప్లాస్టిక్ గొట్టాల మీద నాకు కోపం ఇంకా తీరలేదు. ప్లాస్టిక్ తేమను బయటికి పోనివ్వదు. వానాకాలంలో లోపలి పుప్పొడికి బూజు పట్టి పిల్లపురుగులు చచ్చిపోయాయి, అదంతా మా పిల్లల కళ్ల ముందే కనబడింది. ఆ గొట్టాలను తీసేశాం. వెదురులోనూ అన్నీ బతకవు. ఇతర పురుగుల గూళ్లలో గుడ్లు పెట్టి బతికే సన్నటి కందిరీగలు కొన్ని గొట్టాల దగ్గర తచ్చాడాయి. మా అమ్మాయి ఏడ్చింది. కందిరీగలకూ పిల్లలుంటాయని చెప్పాను, ఆ జవాబు తనకు నచ్చలేదు. ఒకే గొట్టాలను ఏళ్ల తరబడి ఉంచితే పేలలాంటి సూక్ష్మ పురుగులు, బూజు పెరుగుతాయి. అందుకే ఖాళీ అయినవాటిని తీసి కొత్తవి పెడుతున్నాం. ఒకసారి కట్టి వదిలేసే వస్తువు కాదిది.

కుట్టుతాయేమోనని భయపడేవాళ్లకు నా అనుభవం చెబుతాను. ఇవి గూడును కాపలా కాయవు. చేత్తో నలిపితే తప్ప కుట్టడం అరుదు, మగవాటికి ముల్లే లేదు. మా పిల్లలను ఇంతవరకు ఏదీ కుట్టలేదు. అయినా తేనెటీగ కాటుకు ఒళ్లంతా వాచే పిల్లలున్న ఇంట్లో నేనైతే వైద్యుణ్ణి అడక్కుండా పెట్టను.

మాకు ఉదయపు ఎండ పడే గోడ, పక్కనే మందు కొట్టని గులాబీ మొక్కలు, ఎదురుచూడగలిగే వయసు పిల్ల ఉన్నాయి. ఇవి కలిశాయి కాబట్టే నాకింత సంతోషం. చిన్నవాడు ఒక్కడే ఉండి ఉంటే ఆ మొదటి నిరీక్షణ దాటేవాళ్లం కాదేమో. నీడపట్టున పెట్టేవాళ్లకు గొట్టాలు ఖాళీగానే ఉండిపోవచ్చు. మేము ఈసారి గడ్డి అర, పైన్ కాయల అర తీసేసి ఆ చోటు కూడా వెదురుకే ఇస్తున్నాం. గొట్టాలు బయటికి లాగే పక్షుల కోసం ముందు వైపు కాస్త ఎడంగా ఇనుప జాలీ బిగించడం ఒక్కటే మిగిలింది.