కండ్లు మూసుకోకుండా ప్రార్థన: కడపలో నా కారు క్లాసులు

ముందే చెప్తున్నా, ఇందులో మెప్పులతో పాటు ఫిర్యాదులు కూడా ఉన్నాయి కాబట్టి డ్రైవింగ్ స్కూల్ పేరు రాయడం లేదు. కడప ఏడు రోడ్ల కూడలి నుంచి నడిచి పోయేంత దూరం, ఒక చిన్న గది, బయట రెండు పాత కార్లు, అంతే. 20 రోజులకు 6,500 తీసుకున్నారు, రోజుకు అరగంట. లైసెన్స్ ఖర్చులు అందులో కలవవని చేరేటప్పుడు వాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు. మీరు అడగండి.

నేను ఇంట్లో కేకులు చేస్తాను. పుట్టినరోజులు, చర్చిలో పెళ్లిళ్లు, డిసెంబర్ వస్తే ప్లమ్ కేకులు. చేయడం ఎప్పుడూ కష్టం కాలేదు, చేర్చడమే కష్టం. మే నెలలో క్రీమ్ కేకు ఒళ్లో పెట్టుకుని అప్సర సర్కిల్ నుంచి రిమ్స్ ఆసుపత్రి దాకా ఆటోలో పోయి చూడండి, దిగేసరికి కేకు మీద రాసిన పేరు ఎవరిదో కన్నతల్లి కూడా చదవలేదు. కారు నడపడం వస్తే ఏసీ వేసుకుని రాయచోటి ఆర్డర్లు కూడా తీసుకోవచ్చని, నాలుగు డబ్బులు చేరితే చిన్న బేకరీ పెట్టుకోవచ్చని పదేళ్ల ఆశ. ఇంటి ముందు కారు కూడా ఉంది. మా ఆయన ఉద్యోగం బళ్లారిలో, ఆదివారం వచ్చి దాన్ని ఒకసారి స్టార్ట్ చేసి తుడిచి పోతాడు.

అయినా స్టీరింగ్ ముందు కూర్చుంటే చాలు, చేతులు చల్లబడేవి. దానికి కారణం కడప, రాయచోటి మధ్య ఉన్న గువ్వలచెరువు ఘాట్ రోడ్డు. ఎనిమిదేళ్ల కింద రాయచోటిలో పెళ్లి చూసుకుని అందరం జీపులో వస్తున్నాం, ఒక మలుపులో ఎదురుగా లారీ వచ్చింది, మా డ్రైవర్ పక్కకు తిప్పేసరికి జీపు పోయి పిట్టగోడకు గుద్దుకుంది. ఎవరి ప్రాణాలూ పోలేదు, నాకు భుజం దగ్గర ఎముక విరిగింది. ఎముక రెండు నెలల్లో అతుక్కుంది. ఆ ఘాట్‌లో బస్సులో పోయినా నేను కండ్లు మూసుకునే కూర్చునేదాన్ని, బస్సు హారన్ కొట్టినప్పుడల్లా పక్కనున్నవాళ్ల చేయి పట్టుకునేదాన్ని, వాళ్లెవరో తెలియకపోయినా సరే.

మా చర్చి స్త్రీల మైత్రిలో ఈ సంగతి చెప్తే అందరూ ప్రార్థన చేశారు. తర్వాత ఒక ఆంటీ "విశ్వాసం ఉంటే భయం ఉండదమ్మా" అన్నది. ఆమె మంచికే అన్నది కానీ నాకు ధైర్యం బదులు సిగ్గు వచ్చింది. భయపడుతున్నానంటే నా విశ్వాసం ఉత్తదే అన్నమాట అనుకుంటూ ఇంకో ఏడాది గడిపేశా. ఒక తెల్లవారుజామున 56వ కీర్తన తీశా. "నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను." సండే స్కూల్లో కంఠస్థం చేసిన వచనమే. ఆ రోజు మాత్రం పైనున్న చిన్న అక్షరాలు కూడా చదివాను: ఫిలిష్తీయులు దావీదును గాతులో పట్టుకున్నప్పటి కీర్తన అట. గాతు అంటే గొల్యాతు ఊరు! గొల్యాతును ఒక్క రాయితో కొట్టినవాడు, వాడి ఊళ్లోనే చిక్కినప్పుడు నాకు భయం వేసిందని దాచకుండా రాసుకున్నాడు. దావీదుకే వేస్తే నాకు వేయడంలో వింతేముంది. సోమవారం పోయి ఫీజు కట్టేశా.

నేర్పించిన ఆయన్ని అందరూ భాయ్ అంటారు. ఈ స్కూల్‌కు ఐదులో నాలుగు మార్కులు ఇస్తున్నానంటే అది ఆయన పుణ్యమే. మొదటి రోజు పొద్దున ఆరుకు రిమ్స్ వైపు ఖాళీ రోడ్డుకు తీసుకుపోయి, సీటు ముందుకు జరిపించి, అద్దాలు సరిచేయించి, తన కాళ్ల దగ్గర కూడా క్లచ్, బ్రేక్ ఉన్నాయని నన్ను వంగి చూడమన్నాడు. "నువ్వు తప్పు చేసినా బండిని నేను ఆపుతా" అన్నాడు. ఆ ఒక్క మాటకు సగం టెన్షన్ దిగింది. కారు కదిలిన వెంటనే నేను గొణుక్కుంటూ ప్రార్థన మొదలుపెట్టా, అలవాటు కొద్దీ కండ్లు మూతపడ్డాయి. వెంటనే బ్రేక్ వేశాడు. "అక్కా, దువా చేసుకో, నేనూ చేసుకుంటా, కండ్లు మాత్రం మూసుకోవద్దు." ఇద్దరం నవ్వుకున్నాం. ఇన్నేళ్లు ప్రార్థన అంటే కండ్లు మూసుకోవడమే అనుకున్న నేను అప్పటి నుంచి రోడ్డు చూస్తూనే ఆ వచనం చెప్పుకుంటున్నా, అది క్లచ్ వదిలేంత సేపట్లో సరిగ్గా అయిపోతుంది కూడా.

మొదటి వారం ఎన్నిసార్లు బండి ఆఫ్ చేశానో లెక్క లేదు. ఆయన ఒక్కసారీ అరవలేదు. హాఫ్ క్లచ్, అంటే క్లచ్‌ను సగమే వదిలి బండిని మెల్లగా కదిలించడం, బాగా నేర్పించాడు, ఎత్తులో హ్యాండ్ బ్రేక్ వేసి వెనక్కి జారకుండా బండిని ముందుకు కదిలించడం మూడు రోజులు చేయించాడు. ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ చేయకూడదు, రెండో గేర్‌లో ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేక్ మీదే కాలు వేసి ఉంచితే వేడెక్కి పట్టు పోతుంది, ఎదురుగా ఎక్కే బండికి దిగేవాళ్లే దారివ్వాలి. ఇవన్నీ నేను అడగకుండానే చెప్పాడు, నా జీపు కథ విన్నాడు కదా.

ఇక ఫిర్యాదులు. అరగంట అంటారు గానీ పెట్రోల్ బంకు దగ్గర ఆగడం, వెనక సీట్లో ఇంకొకరిని ఎక్కించుకోవడం, అన్నీ పోను ఇరవై నిమిషాలే చేతికి వస్తుంది. రివర్స్ పార్కింగ్ రెండే రోజులు, అది చాలదు, ఇప్పటికీ మా గేటుకు ఆ గుర్తులున్నాయి. నాకిచ్చిన స్కూల్ బండిలో ఏసీ పనిచేయలేదు, ఏడు తర్వాత బ్యాచ్ తీసుకుంటే ఉడికిపోతారు. ఆఫీసులో కూర్చునే అబ్బాయి ఫోన్ ఎత్తడు. ఎల్ఎల్ఆర్ (నేర్చుకునేవాళ్లకు ముందు ఇచ్చే లైసెన్స్) వచ్చాక 30 రోజులు నిండితే గానీ లైసెన్స్ టెస్టుకు పోలేం, ఆ సంగతి ముందే చెప్పి ఉంటే నేను ఎల్ఎల్ఆర్ తీసుకున్నాకే క్లాసులు మొదలుపెట్టేదాన్ని. 20 రోజులకు క్లాసులు అయిపోయి, టెస్టు నాటికి సగం మర్చిపోయి, ఇంకో రెండు రోజుల క్లాసులకు మళ్లీ డబ్బు కట్టాల్సి వచ్చింది.

టెస్టు పాసయ్యా. చర్చిలో సాక్ష్యం చెప్పమన్నారు, చెప్పా, భయం పోలేదని కూడా చెప్పా. ఆ ఆంటీ నా వైపు అదోలా చూసింది.

పోయిన నెల రాయచోటి నుంచి పెళ్లి కేకు ఆర్డర్ వచ్చింది, మూడంతస్తులది. అంతస్తులు విడివిడిగా పెట్టెల్లో సర్దుకుని, పక్క సీట్లో మా ఆయనను కూర్చోబెట్టుకుని, నేనే నడిపా. జీపు గుద్దుకున్న మలుపులో నోరు ఎండిపోయింది, వచనం రెండుసార్లు చెప్పుకున్నా, వెనక లారీ హారన్ కొడుతూనే ఉంది, నా స్పీడ్ నాదే. కేకు చెక్కుచెదరలేదు. తిరిగి వస్తూ గువ్వలచెరువులో ఆగి అర కిలో పాలకోవా కొని మరుసటి రోజు భాయ్‌కు ఇచ్చా. పొట్లం విప్పి ఒక ముక్క నోట్లో వేసుకుని, "దిగేటప్పుడు ఏ గేర్ అక్కా?" అన్నాడు.

"రెండే భాయ్."

"ఊఁ" అని ఇంకో ముక్క తీసుకున్నాడు.