మూడు వైపుల టూత్‌బ్రష్: నోరు తెరవని పిల్లలకి పనికొస్తుందా?
పంటి లోపలి వైపు, బయటి వైపు, నమిలే వైపు ఒకేసారి తోముతుంది. ఆటిజం ఉన్న పిల్లలకి, బ్రష్ చూడగానే పళ్లు బిగించేవాళ్లకి అదే పెద్ద లాభం. కానీ మొదటిరోజే నోట్లో పెట్టకండి. పొడి బ్రష్‌ని అరచేతికి, చెంపకి, పెదవికి తాకించాక, ముందుపళ్ల మీద అయిదు లెక్కపెట్టి తీసేయండి. అయిదంటే అయిదే, ఆరు అన్నారా, మళ్లీ మొదటికొస్తుంది.

ఒకదానిమీదొకటి ఎక్కిన పళ్ల దగ్గర కుచ్చులు సరిగా ఆనవు, అక్కడ మామూలు బ్రష్ తప్పదు. ఈ బ్రష్ తల లావు కాబట్టి నోట్లో బాగా వెనక్కి తోస్తే వాంతొచ్చినట్టవుతుంది. మింట్ ఘాటు పడకపోతే రుచిలేని, నురగ తక్కువొచ్చే ఫ్లోరైడ్ పేస్ట్ వాడండి: 3 ఏళ్లలోపు బియ్యపుగింజంత, 3–6 మధ్య బఠాణీగింజంత. బ్రష్ కొరికే పిల్లలైతే కుచ్చులు 3 నెలలు కూడా ఆగవు, విచ్చుకోగానే మార్చేయాలి.