డెల్టా, యునైటెడ్, అమెరికన్, సౌత్‌వెస్ట్: పైలట్‌కు ఏది మేలు?

అమెరికాలో పెద్ద ఎయిర్‌లైన్ల పైలట్ జీతాలను పక్కపక్కన పెట్టి పోల్చడం ఈ రోజుల్లో పెద్దగా ఉపయోగం లేని పని. 2023 మార్చిలో డెల్టా పైలట్లు నాలుగేళ్లలో 34 శాతం పెంపు సాధించుకున్నారు. ఆగస్టులో అమెరికన్, సెప్టెంబరులో యునైటెడ్, 2024 జనవరిలో సౌత్‌వెస్ట్ అదే బాట పట్టాయి. పైగా యునైటెడ్, అమెరికన్ల కంటే తమ రేటు కనీసం ఒక శాతం ఎక్కువ ఉండాలని డెల్టా పైలట్లు ఒప్పందంలోనే రాయించుకున్నారు. పెద్ద విమానాలున్న మూడు సంస్థల్లో వాటి కెప్టెన్‌కు ఎక్కడైనా గంటకు 400 డాలర్లు దాటుతుంది. పదవీ విరమణ ఖాతాలో సంస్థ వేసే వాటా కూడా ఇంచుమించు ఒకటే. లాభాల పంపకంలో మాత్రం డెల్టాది పైచేయి. 2024 లాభాల్లోంచి ఉద్యోగులకు 1.4 బిలియన్ డాలర్లు పంచింది. ఒక్కొక్కరికి ఏడాది జీతంలో పదో వంతు వచ్చింది. చిన్న మొత్తమేమీ కాదు. అయినా ముప్పై ఏళ్ల ఉద్యోగాన్ని దాని మీద నిర్ణయించుకోకూడదు.

అసలు సంగతి సీనియారిటీ నంబరులో ఉంది. చేరిన తేదీని బట్టి ఒక నంబరు ఇస్తారు. ఏ ఊరు బేస్‌గా (డ్యూటీ మొదలై ముగిసే ఊరు) దొరుకుతుంది, ఏ విమానం నడుపుతారు, దీపావళికి ఇంట్లో ఉంటారా లేదా, కెప్టెన్ ఎప్పుడవుతారు అన్నీ ఆ నంబరే తేలుస్తుంది. ఉమ్మడి కుటుంబంలో తోడికోడళ్ల వరస లాంటిది ఇది. ముందు కాపురానికి వచ్చినవారే పెద్ద, తెలివితేటలకు ఇందులో పాత్ర లేదు. ఒకే రోజు చేరినవారిలో వరస తేల్చడానికి కొన్ని సంస్థలు పుట్టిన తేదీ చూస్తాయి, కొన్ని సోషల్ సెక్యూరిటీ నంబరులోని చివరి అంకెలు చూస్తాయి. ఆ అంకెల అదృష్టం ఉద్యోగం పూర్తయ్యేదాకా వెంట వస్తుంది! మరో ఎయిర్‌లైన్‌కు మారితే పాతికేళ్ల అనుభవం ఉన్న కెప్టెన్ అయినా మళ్లీ అట్టడుగు నుంచి మొదలుపెట్టాల్సిందే. అందుకే పైలట్లు ఈ నిర్ణయం గురించి పెళ్లి సంబంధం చూసినంత ఆలోచిస్తారు.

నా లెక్కలో మొదటి ప్రశ్న ఒకటే: ఇంటి నుంచి కారులో వెళ్లగలిగిన బేస్ ఏ సంస్థకు ఉంది?

బేస్ మరో ఊళ్లో ఉంటే ఏమవుతుందో చూడండి. కొత్తగా చేరినవారికి నెలవారీ నిర్ణీత ట్రిప్పులు దొరకవు, రిజర్వ్‌లో ఉండాలి. ఫోను మోగాక రెండు మూడు గంటల్లో విమానాశ్రయానికి చేరాలి. ఇల్లు వేరే రాష్ట్రంలో ఉన్నవారికి అది సాధ్యం కాదు. కాబట్టి ముందు రోజే బయలుదేరి, సీటు ఖాళీగా ఉంటే దాంట్లో, లేకపోతే కాక్‌పిట్‌లోని అదనపు సీటు, అంటే జంప్‌సీట్‌లో కూర్చుని బేస్‌కు చేరతారు. అక్కడ పదిమంది పైలట్లు కలిసి అద్దెకు తీసుకున్న క్రాష్ ప్యాడ్ ఉంటుంది. అంతస్తుల మంచాలు, ఫ్రిజ్‌లో పేర్లు రాసిన డబ్బాలు, ఒకరు నిద్రపోతుంటే మరొకరు చీకట్లో యూనిఫాం వెతుక్కోవడం. ఫోను మోగకపోతే అక్కడే రోజంతా గడపాలి. ఇలా పోయే రోజులకు ఎవరూ డబ్బివ్వరు. ఎంత పెద్ద గంట రేటైనా ఈ రోజులను కలిపి లెక్కిస్తే దిగజారిపోతుంది.

మనవాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లనే తీసుకుందాం. అమెరికాలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లల్లో ఎవరైనా ఈ ఉద్యోగంలో చేరాలనుకుంటే, తల్లిదండ్రుల ఇల్లు ఎక్కడ అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది.

న్యూజెర్సీలో ఎడిసన్ వైపు ఉన్నవారికి యునైటెడ్. నెవార్క్ దాని పెద్ద బేస్, కారులో పోయి రావచ్చు. డెల్టా, అమెరికన్ల న్యూయార్క్ బేస్‌లకు చేరాలంటే నది దాటి, ఊరి రద్దీని ఈదుతూ క్వీన్స్ దాకా వెళ్లాలి. ఇందులో ఇంకో కిటుకు ఉంది. న్యూయార్క్ చుట్టుపక్కల ఖర్చులు, రద్దీ భరించలేక సీనియర్లు వేరే బేస్‌లు కోరుకుంటారు. అందుకే కొత్తవారికి అవే ముందు దొరుకుతాయి. అందరూ వద్దనుకునే ఊళ్లోనే మీ ఇల్లు ఉంటే, తక్కువ సీనియారిటీతోనే మంచి షెడ్యూలు, ముందుగా కెప్టెన్ సీటు వచ్చే వీలుంటుంది.

అట్లాంటా శివార్లలో స్థిరపడినవారు డెల్టాను వదిలి మరోవైపు చూడనక్కర్లేదు.

డాలస్‌లోనే అసలు చిక్కు. శివారు ఫ్రిస్కో నుంచి అమెరికన్ బేస్ ఉన్న డీఎఫ్‌డబ్ల్యూ విమానాశ్రయం, సౌత్‌వెస్ట్ బేస్ ఉన్న లవ్ ఫీల్డ్ విమానాశ్రయం రెండూ దగ్గరే. ఇక్కడ నిజంగా తూకం వేయాలి. సౌత్‌వెస్ట్ నడిపేది ఒక్క బోయింగ్ 737నే. విమానం మారడం, మళ్లీ నెలల తరబడి శిక్షణ వంటివి ఉండవు. ఖండాంతర ప్రయాణాల్లో నిద్ర పాడవదు. ఆ సంస్థ ఇంతవరకు పైలట్లను ఫర్లోకు (జీతం లేని తాత్కాలిక తొలగింపుకు) పంపలేదు. అయితే లండన్‌కో టోక్యోకో పెద్ద విమానం నడపాలని కలగనేవారికి అక్కడ చోటు లేదు. బోయింగ్‌కు జలుబు చేస్తే సౌత్‌వెస్ట్‌కు తుమ్ములు వస్తాయి. 2024లో కొత్త విమానాలు సమయానికి రాక పైలట్ల నియామకాలు ఆపేసింది. అమెరికన్‌లో పెద్ద విమానాలున్నాయి, పదవీ విరమణలు కూడా ఎక్కువే. 65 ఏళ్లకు అందరూ దిగాల్సిందే కాబట్టి ముందున్నవారు ఖాళీ చేసేకొద్దీ మీ వరస పైకి జరుగుతుంది. దాని మీదున్న అప్పుల బరువు మాత్రం పోటీ సంస్థల కంటే ఎక్కువ. నన్నడిగితే, ముప్పై ఏళ్ల లోపువారికి అమెరికన్, నలభై దాటి ఇంటి పట్టున ఉండాలనుకునేవారికి సౌత్‌వెస్ట్.

సంస్థ ఆర్థిక బలాన్ని చూసి మాత్రమే ఎంచుకుంటామనేవారికి చరిత్ర అంతగా సాయం చేయదు. 2000లో యునైటెడ్ పైలట్ల ఒప్పందాన్ని మిగతావారు అసూయతో చూశారు. 2002 డిసెంబరుకల్లా సంస్థ దివాలా కోర్టులో ఉంది, 2005లో పెన్షన్ పథకమే రద్దయింది. ఇవాళ అందరూ ముందు దరఖాస్తు పెట్టే డెల్టా కూడా 2005లో దివాలా తీసింది, మరుసటి ఏడాది దాని పైలట్ల పెన్షన్ పోయింది. విలీనాలు ఇంకో గండం. 2001లో అమెరికన్ చేతికి వచ్చిన టీడబ్ల్యూఏ అనే ఎయిర్‌లైన్ పైలట్లలో చాలామందిని ఏళ్ల సర్వీసు ఉన్నా సీనియారిటీ జాబితా అడుగున చేర్చారు. ఆ ఏడాది సెప్టెంబరు 11 దాడుల తర్వాత వారిలో చాలామందికి ఉద్యోగం పోయింది. 2005లో కలిసిన అమెరికా వెస్ట్, యూఎస్ ఎయిర్‌వేస్ పైలట్లు ఎవరి నంబరు ముందు అన్న తగాదాతో ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు.

సరుకు విమానాలవైపు వెళ్లేవారూ ఉన్నారు. మెంఫిస్‌లో ఫెడెక్స్, లూయీవిల్‌లో యూపీఎస్. మంచి జీతమే. కానీ రాత్రి పని, పైగా 2014లో ప్రయాణికుల విమానాల పైలట్లకు అమలైన విశ్రాంతి నిబంధనలు వీరికి తప్పనిసరి కాదు. నాకైతే ఆ ఒక్క కారణం చాలు, వద్దనుకోవడానికి.

ఇంతా చేసి, చాలామందికి చేతిలో రెండు ఆఫర్లు ఒకేసారి ఉండవు. కోరుకున్న సంస్థ ఇంటర్వ్యూకే పిలవలేదు, రెండోది శిక్షణ తేదీ ఇచ్చింది అనుకోండి. వెళ్లి చేరండి, మొదటిదానికి పెట్టిన దరఖాస్తును మాత్రం తాజాగా ఉంచుకోండి. తొలి ఏడాదిలో వదిలేస్తే పోయేది కొన్ని నెలల సీనియారిటీ. మూడేళ్లయ్యాక, మీ వెనక వేల నంబర్లు చేరాక పిలుపు వస్తే, రెండు బేస్‌లలో ఇంటికి ఏది దగ్గరో చూసి, అది ఇప్పుడున్న సంస్థే అయితే ఆ ఉత్తరానికి మర్యాదగా వద్దని జవాబు రాయండి.