టూ-పీస్ కొలాస్టమీ బ్యాగు: డబ్బులకు తగ్గదే, కత్తిరింపు సరిగ్గా ఉంటే

పెద్దపేగు ఆపరేషన్ తర్వాత పొట్టమీద స్టోమా (మలం బయటికొచ్చేలా పేగు చివర తెచ్చి కుట్టిన రంధ్రం) పెట్టినవాళ్లకు, ప్లేటు, సంచి కలిసే ఉండే సింగిల్ పీస్ కన్నా రెండూ విడిగా ఉండే టూ-పీస్ బ్యాగే మేలంటాం. చర్మానికి అంటుకునే ప్లేటు 3 నుంచి 5 రోజులు అలాగే ఉంటుంది, సంచి ఒక్కటే మార్చుకోవచ్చు. మాటిమాటికీ పీకే పని లేదు కాబట్టి చర్మం ఒరుసుకుపోదు. ఖరీదు మాత్రం ఎక్కువే. సంచిని ప్లేటుకు బిగించే రింగు ఎత్తు పల్చటి బట్టల్లోంచి తెలిసిపోతుంది.

లీకయితే అందరూ బ్యాగునే తిడతారు గానీ, తప్పు చాలాసార్లు కత్తిరింపుదే. ప్లేటు రంధ్రం స్టోమా కన్నా 2-3 మిల్లీమీటర్లే పెద్దగా ఉండాలి. అంతకు మించితే మలం తగిలి చర్మం ఎర్రబడి పొక్కుతుంది. బిగుతైతే స్టోమా అంచు ఒరుసుకుని రక్తం వస్తుంది. మొదటి 6-8 వారాలు వాపు తీసి స్టోమా చిన్నదవుతూ ఉంటుంది, వారం వారం కొలవాల్సిందే. డిశ్చార్జి నాటి కొలతతోనే నెలలపాటు కత్తిరిస్తుంటారు, అక్కడే పుండ్లు మొదలవుతాయి.

అంటించే ముందు గోరువెచ్చని నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది, పూర్తిగా ఆరనివ్వండి. కొబ్బరినూనె, క్రీము రాస్తే ప్లేటు పట్టదు. అంటించాక అరచెయ్యి ఆనించి ఒకటి రెండు నిమిషాలు అదిమి ఉంచండి, ఆ వెచ్చదనానికే జిగురు పట్టుకుంటుంది.

సంచి మూడోవంతు నిండగానే ఖాళీ చేయండి, లేదంటే బరువుకు ప్లేటు ఊడొస్తుంది. గాలికి ఉబ్బితే సూదితో పొడవొద్దు. ఎండాకాలం చెమటకు ప్లేటు ముందే వదులుతుంది, ఒకటి అదనంగా దగ్గరుంచుకోండి. స్టోమా ఎర్రగా, తడిగా ఉండాలి. నల్లబడితే వెంటనే సర్జన్ దగ్గరికి వెళ్లండి.