చెకప్‌కి ఆపరేషన్ చేసిన ఆసుపత్రా, ఇంటి దగ్గరి డాక్టరా?

పెద్దమ్మ ఉండేది చెన్నైలోని అంబత్తూరులో. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది అదే ఊళ్లోని అడయార్‌లో. మామూలుగా మొదటి 3 ఏళ్లు 3 నుంచి 6 నెలలకోసారి చూపించుకోవాలి, ఏడాదికోసారి మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే). ఎక్కడికి వెళ్లాలి?

శ్రమ: అక్కడైతే పొద్దున్నే టోకెన్, ఇల్లు చేరేసరికి చీకటి. ఇక్కడైతే ఆటోలో పది నిమిషాలు.

ఖర్చు: ఇక్కడ ఫీజు కాస్త ఎక్కువే. అక్కడ తోడు వచ్చినవాళ్ల సెలవు కూడా లెక్కేయాలిగా!

రిస్క్: పాత ఫైలంతా అక్కడే. ఇక్కడికి బయాప్సీ రిపోర్టుతో సహా మోసుకెళ్లాలి. ఏ లక్షణమూ లేకుండా పెట్ స్కాన్ (ఒళ్లంతా క్యాన్సర్ కోసం వెతికే స్కాన్), ట్యూమర్ మార్కర్ రక్తపరీక్ష రాస్తే ఎందుకని అడగండి. మామూలు చెకప్‌లో అవి అక్కర్లేదు.

మాట: నా దృష్టిలో అసలు తేడా ఇదే. అడయార్ హడావుడిలో పెద్దమ్మ అరవంలో "బాగున్నా" అనేసి వచ్చేది. ఇక్కడి డాక్టరమ్మకి తెలుగు వచ్చు. "ఎడమచేతి గాజులు బిగుసుకుంటున్నాయమ్మా" అంది. ఆవిడ వెంటనే టేపుతో రెండు చేతులూ కొలిచి, లింఫెడిమా (క్యాన్సర్ వైద్యం తర్వాత చేతికొచ్చే వాపు) అని ఫిజియోథెరపీకి పంపింది.

కొత్త గడ్డ, తగ్గని ఎముక నొప్పి, ఆయాసం ఉంటే, లేదా వైద్యం ముగిసి ఏడాదైనా కాకపోతే పాత ఆసుపత్రికే వెళ్లండి. క్యాన్సర్ తిరగబెట్టకుండా ఇచ్చే టామాక్సిఫెన్, లెట్రోజోల్ లాంటి మాత్రలతో నిలకడగా ఉంటే, పాత ఆసుపత్రి డాక్టర్‌కి చెప్పి ఇంటి దగ్గరే చూపించుకోవచ్చు.